ఇంటింటికీ ఐరావతం

లంకపాడు శాసనసభ్యులు వెంకటసుబ్బారావు గారు తమ నియోజకవర్గంలో ఇకమీదట పుట్టబోయే ప్రతి దూడకీ తండ్రి ఎవరో నిండు సభలో ముందుగానే ప్రకటించేశారు. ఇంత దూరదృష్టి గల నాయకుడు కృష్ణా డెల్టాలో ఇంతవరకు పుట్టలేదని ఆయన ఫ్లెక్సీల మీదే రాసి ఉంది కాబట్టి మనం వేరే సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు.

సభ జరిగింది విజయవాడ భవానీపురంలో, ఏసీ కల్యాణ మండపంలో. లంకపాడు పశువుల గురించి పెట్టే సభ లంకపాడులోనే పెట్టొచ్చు కదా అని గిట్టనివాళ్లు అన్నారు. లంకపాడులో ఏసీ లేదు, పైగా టీవీ వాళ్లు అంత దూరం రారు. అందుకని రైతుల్ని బస్సులు పెట్టి తెచ్చారు. పశువుల్ని తేలేదు. వాటి అభిప్రాయం తర్వాత తీసుకుంటామన్నారు.

"రక్తం," అన్నారు ఎమ్మెల్యే గారు మైకు ముందు నిలబడి. చప్పట్లకి కాస్త చోటిచ్చి మళ్లీ అన్నారు. "రక్తంలో ఉండాలండీ ఏదైనా. మా నాన్నగారు, మీ అందరి పెద్దాయన, ప్రజల మనిషి. ఆయన కడుపున పుట్టాను కాబట్టి నేనూ ప్రజల మనిషినే. నా కడుపున పుట్టాడు కాబట్టి మా సాత్విక్ కూడా త్వరలో ప్రజల మనిషి కాబోతున్నాడు."

కాబోతున్న సాత్విక్ వేదిక మీద మొదటి వరసలో కూర్చుని ఫోన్లో ఎవరితోనో కార్ల పందెం ఆడుతున్నాడు. పక్కన వాళ్ల నాయనమ్మ మాణిక్యమ్మ గారు, అంటే పెద్దాయన గారి భార్య, కాళ్లు కుర్చీ మీదికి మడిచి కూర్చుని వింటోంది.

"అలాగే మా ఐరావతం," అన్నారు ఎమ్మెల్యే గారు.

ఐరావతం ఆయన గారి ఎద్దు. ఎద్దుకి ఏనుగు పేరేంటని లంకపాడులో ఇంతవరకు ఎవరూ అడగలేదు. తెల్లటి ఒంగోలు జాతి, మూపురం చూస్తే చిన్న గుట్ట. బండలాగుడు పోటీలకి వెళ్లిందంటే షీల్డు పట్టుకునే రావాలి. బండని జతగా లాగుతాయి కదా, రెండోదాని పేరేంటని అడిగితే మాత్రం ఎవరికీ తెలియదు. పక్కన ఏది లాగినా గెలిచింది ఐరావతమేనని లంకపాడులో ఒక ఒప్పందం.

"అంతటి బలం మా ఒక్క కొట్టంలో ఉంటే సరిపోతుందా? ప్రతి రైతు కొట్టంలోనూ ఉండొద్దా? అందుకే ఈ పథకం. ఇంటింటికీ ఐరావతం! ఐరావతం వీర్యం, ఉచితంగా, మీ ఆవు ఎదకొచ్చిన రోజున మీ గుమ్మం ముందుకే పంపిస్తాం."

"ఏ ఐరావతం?" అంది మాణిక్యమ్మ గారు మనవణ్ణి పొడిచి.

"మన ఐరావతమే నాయనమ్మా."

ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తల ఎత్తలేదు. భుజాలు కదులుతున్నాయి. పెద్దాయన గుర్తొచ్చి ఏడుస్తోందని మర్నాడు పేపర్లో రాశారు.

వేదిక మీద చివరి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న డాక్టర్ కరిముల్లాకి మాత్రం ఏడుపే వచ్చింది. ఆయన లంకపాడు పశువుల డాక్టరు. ఇల్లు ఇక్కడే భవానీపురంలో. భార్య నఫీసా టీచరుగా చేసే బడి ఈ సందులోనే, కూతురు హఫ్సా చదివే ఇంటర్ కాలేజీ పక్క సందులో. బదిలీల సీజను మొదలైంది. రాష్ట్రం మ్యాపు మడతపెడితే లోపలికి పోయే ఒక మూల ఊరికి ఆయన పేరు రాశారని విన్నాడు. ఎమ్మెల్యే గారు ఒక్క ఫోను చేస్తే ఆ పేరు లేచిపోతుంది. ఆ ఫోను కోసం కరిముల్లా కొన్నాళ్లుగా ఎమ్మెల్యే గారి కుక్కకే కాదు, వాళ్ల పనివాళ్ల కుక్కలకి కూడా తన డబ్బుతో టీకాలు వేస్తున్నాడు. ఇప్పుడీ పథకం సాంకేతిక బాధ్యత కూడా ఆయనకే అప్పగించారు. పథకం గట్టెక్కితే భవానీపురం, మునిగితే మ్యాపు మడత.

మర్నాడు పొద్దున్నే లంకపాడులో ఎమ్మెల్యే గారి కొట్టానికి వెళ్లాడు. ఐరావతానికి విడిగా గది, గదిలో కూలరు, గోడకి పెద్దాయన ఫొటో. మేపే మనిషి జక్కయ్య ఒళ్లు తోముతున్నాడు. ఎమ్మెల్యే గారి పీఏ చక్రి అప్పటికే వచ్చి కొట్టం గుమ్మానికి రిబ్బను కట్టించే పనిలో ఉన్నాడు.

"జక్కయ్యా, కాస్త వెనక్కి తిప్పు."

"వెనకనించి ఎవరూ చూడరండీ," అన్నాడు జక్కయ్య. "ఫొటోలన్నీ ముందు నించే తీస్తారు."

కరిముల్లా తనే వెనక్కి వెళ్లి, వంగి, తోక పక్కకి జరిపి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అక్కడ ఉండాల్సినవి లేవు. ఎన్నికల ముందు వేసిన శిలాఫలకం ఉండి ప్రాజెక్టు లేనట్టు, ఆనవాలు మాత్రం ఉంది.

"జక్కయ్యా, ఇది విత్తులు కొట్టించిన ఎద్దు."

"ఎద్దంటే అదే కదండీ."

"మరి దీని దగ్గర వీర్యం ఎట్లా తీస్తామయ్యా?"

"నేనూ సభలో అదే అనుకున్నానండీ. డాక్టర్ల దగ్గర ఈమధ్య ఏదన్నా మందు వచ్చిందేమోలే అని ఊరుకున్నాను."

చక్రి రిబ్బను వదిలేసి వచ్చాడు. "ఏంటి సార్ ప్రాబ్లం?"

"ఐరావతం ఈ పథకానికి పనికిరాదు చక్రీ."

"ఐరావతం పనికిరాదు అన్న మాట రాతపూర్వకంగా ఇస్తారా సార్?"

"అది కాదయ్యా. దీనికి... లేవు."

"లేకపోతే శాంక్షన్ చేయించుకుందాం సార్. ఏ హెడ్డు కింద వస్తాయవి?"

కరిముల్లా అవి శాంక్షన్ అయ్యేవి కావని, ఒకసారి పోతే ఏ ప్రభుత్వం వచ్చినా తిరిగి రావని ఓపిగ్గా చెప్పాడు. చక్రి ఓపిగ్గా విన్నాడు. విని, "మీరు సైన్సు చెబుతున్నారు సార్, నేను ప్రోగ్రాం చెబుతున్నాను," అన్నాడు. "సోమవారం ప్రారంభోత్సవం. కాదూ కూడదంటే వెళ్లి సార్‌కే చెప్పండి. బదిలీల లిస్టు కూడా ఇవ్వాళే చూస్తున్నారు. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి."

కరిముల్లా వెళ్లాడు. చెప్పాలనే వెళ్లాడు, ఆ మాట మనం ఒప్పుకోవాలి. దారి పొడుగునా వాక్యం కూడా తయారుచేసుకున్నాడు. ఎమ్మెల్యే గారు హాల్లో పెద్దాయన నిలువెత్తు పటం కింద సోఫాలో ఉన్నారు. మాణిక్యమ్మ గారు కాస్త అవతల చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"సార్, ఐరావతం విషయంలో ఒక చిన్న లోటు..."

"లోటా? మా ఇంట్లో పుట్టినదానికి లోటేంటి డాక్టరు గారూ?" అన్నారు ఎమ్మెల్యే గారు. కోపంగా కాదు, జాలిగా. "మీరు చదువుకున్నవారు. మీకే చూపిస్తాను రండి. ఈ పటంలో మా నాన్నగారి ముక్కు చూడండి."

చూశాడు. కోటేరు వేసినట్టు నిటారుగా ఉంది.

"ఇప్పుడు నా ముక్కు చూడండి."

చూశాడు. మిరపకాయ బజ్జీ పిండి ఎక్కువై నూనెలో పడితే ఎట్లా పరుచుకుంటుందో అట్లా ఉంది.

"ఒరే సాత్విక్, ఇట్రా. డాక్టరు గారికి ముక్కు చూపించు."

సాత్విక్ ఫోన్లోంచి తల ఎత్తకుండానే ముక్కు చూపించాడు. ఆ ముక్కుకి పై రెండు ముక్కులతోనూ పరిచయం ఉన్నట్టు లేదు.

"చెప్పండి," అన్నారు ఎమ్మెల్యే గారు. "మీ సైన్సు ఏమంటోంది?"

కరిముల్లాకి నఫీసా బడి గంట, హఫ్సా కాలేజీ బ్యాగు, మ్యాపులో ఆ మడత వరసగా కళ్ల ముందు కదిలాయి.

"అచ్చం అదే ముక్కండీ. మూడు తరాలు దిగిపోయింది," అన్నాడు.

ముక్కు దగ్గర సైన్సు వదిలేసినవాడు ఎద్దు దగ్గర పట్టుకుని ఏం లాభం? ఆయన నోట ఐరావతం మాట మళ్లీ రాలేదు. మాణిక్యమ్మ గారు చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉంచి, కళ్లజోడు పైనించి డాక్టరు వైపు చాలాసేపు చూసింది.

"ఈ డాక్టరు పైకొస్తాడ్రా అబ్బాయ్," అంది కొడుకుతో.

సోమవారం పెద్దాయన స్మారక ఐరావత వీర్య కేంద్రం ప్రారంభమైంది. కేంద్రం అంటే ఒక గది, గదిలో పొగలు కక్కే నైట్రోజన్ క్యాను. అందులో సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో వీర్యం గడ్డకట్టించి ఉంచుతారు, వాటిని స్ట్రాలంటారు. ఒక్కో స్ట్రా మీద పెద్దాయన, ఎమ్మెల్యే గారు, సాత్విక్ ముగ్గురి ఫొటోలూ వేయాలని ఆదేశం వచ్చింది. అంత సన్నటి గొట్టం మీద ముగ్గురు పట్టలేదు. చివరికి ఒక ముక్కు మాత్రం పట్టింది. ఎవరిదన్న గొడవ ఇంతవరకు తేలలేదు.

స్ట్రాలో ఏం వేయాలన్నది మాత్రం కరిముల్లా ఒక్కడి తలనొప్పి. ఏమీ వేయకుండా పంపించినా అడిగేవాడు లేడు. చక్రి ఆ సలహా కూడా ఇచ్చాడు. "పోనీ నీళ్లు పోయండి సార్. ఆవు చూడి కట్టకపోతే ఆవుదే తప్పు. మా సార్ మీద కంప్లయింటు రాదు." కరిముల్లా దాదాపు ఒప్పుకునేవాడే. కానీ ఆ సాయంత్రం లంకపాడు చివరి వీధిలో ఉండే అమలమ్మ తన ఆవుని తోలుకుని ఆసుపత్రికి వచ్చింది. ఆమెకి ఉన్నది ఆ ఒక్క ఆవే.

"ఈసారైనా చూడి కడుద్దా సార్?" అంది. "రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే అమ్మేయటమే. పాలివ్వని ఆవుకి గడ్డి నేనెక్కణ్ణించి తేను? ఐరావతం వస్తోంది ఆగమన్నారు, ఆగాను."

ఆవు కూడా కరిముల్లా వైపే చూస్తోంది. ఆయనకి సిగ్గేసింది. పశువుల డాక్టరై ఉండి ఆవు కడుపులో నీళ్లు పోయడమేంటని తన్ను తాను తిట్టుకున్నాడు. ఊరు దాటి, జిల్లా దాటి, ఒక ప్రైవేటు ఫారం నుంచి అసలు సిసలు ఒంగోలు ఆంబోతు స్ట్రాలు తెప్పించాడు. ఆ ఆంబోతుకి పేరు లేదు, నంబరు ఉంది. షీల్డులు లేవు, ఫ్లెక్సీలు లేవు. కూలరు ఉందో లేదో తెలియదు. ఉండాల్సినవి మాత్రం ఉన్నాయి. ఆ స్ట్రాల మీద ముక్కు అచ్చువేయించి, మొదటిది అమలమ్మ ఆవుకే వేశాడు.

అమలమ్మ ఆవు కట్టింది. పక్కింటి ఆవు కట్టింది. వీధిలో ఆవులన్నీ కట్టాయి. ఐరావతం మహిమ డెల్టా అంతా పాకింది. మంగళగిరి నుంచి కూడా జనం ఐరావతాన్ని చూడటానికి వచ్చి, మెడలో దండలు వేసి, ముందు నుంచి ఫొటోలు తీసుకుని వెళ్లారు. ఐరావతం నెమరేస్తూ నిలబడింది. పొగిడినప్పుడు ఏమీ మాట్లాడకపోవడం దాని దగ్గరున్న ఒక మంచి గుణం.

అప్పుడు గేదెలున్న రైతులు ఎమ్మెల్యే గారి ఇంటి ముందు ధర్నాకి కూర్చున్నారు. ఆవులకే ఐరావతమా, మా గేదెలేం పాపం చేశాయని వాళ్ల బాధ.

"గేదెలున్నవాళ్లు ఓటర్లు కాదా?" అన్నారు ఎమ్మెల్యే గారు కరిముల్లాని పిలిపించి. "వాటికీ ఐరావతమే ఇవ్వండి."

"కుదరదండీ. ఎద్దు జాతి వేరు, గేదె జాతి వేరు."

ఎమ్మెల్యే గారి ముఖం మాడిపోయింది. "జాతులూ తేడాలూ మా దగ్గర మాట్లాడకండి డాక్టరు గారూ. పెద్దాయన బతికున్న రోజుల్లోనే మా ఇంట్లో అవన్నీ పోయాయి. మా పథకం అందరిదీ."

చాప మీది మాణిక్యమ్మ గారు, "అవును, అందరిదీ," అంది నెమ్మదిగా.

కరిముల్లా ముర్రా దున్నపోతు స్ట్రాలు తెప్పించాడు. గేదెలు కూడా ఐరావతం వల్లే కట్టాయి. ఈలోగా ఒంగోలు స్ట్రాలు అయిపోయాయి. పథకం ఆగితే మాట పోతుందని చక్రి పోరు పెడితే, క్యానులో మిగిలి ఉన్న ఎర్రటి జెర్సీ ఆంబోతు స్ట్రాల మీద కూడా ముక్కు పడింది.

"మీరసలు ఏం చేస్తున్నారు?" అంది నఫీసా ఒకరోజు అన్నం వడ్డిస్తూ.

"పథకం."

"ఇంట్లో దాన్ని మోసం అంటాం."

"ఆవులు కడుతున్నాయి నఫీసా. జనం బాగుపడుతున్నారు. నేనేం తినలేదు."

"ఎవరి దూడని ఎవరి పేరు మీద పుట్టిస్తున్నారో రేపు తేలిందనుకోండి. ట్రాన్స్‌ఫరు పడితే అక్కడ కూడా ఒక బడి ఉంటుంది, నేనొస్తాను. జైలుకి మాత్రం నేను రాలేను." ఆమె ఇంకో గరిటె పప్పు వేసింది. కరిముల్లా ఆ పప్పు తినలేకపోయాడు.

రోజులు నిండాయి, ఆవులూ గేదెలూ ఈనాయి. తెల్ల దూడలు పుట్టాయి, ఎర్ర దూడలు పుట్టాయి, నల్ల దూడలు పుట్టాయి. ఎమ్మెల్యే గారు కెమెరాలతో సహా ఇంటింటికీ బారసాలకి వెళ్లినట్టు వెళ్లారు. ఒక వీధిలో అమ్మలక్కలు ఎత్తి చూపించిన దూడ ఇటుక రంగులో ఉంది.

"ఈ రంగేంటి?" అన్నారు ఎమ్మెల్యే గారు.

కరిముల్లా చక్రి వైపు చూశాడు. చక్రి ముందుకొచ్చాడు. "లంకల్లో ఎండ ఎక్కువ కదండీ. కడుపులో ఉండగానే కమిలి ఉంటుంది."

"అదీ. మా సాత్విక్ కూడా పుట్టినప్పుడు ఇట్లాగే ఉన్నాడు," అన్నారు ఎమ్మెల్యే గారు సంతోషించి. తర్వాత వీధిలో నల్లటి గేదె దూడ గడ్డిలో పడుకుని ఉంది. పుట్టి గంట కూడా కాలేదు. ఇంకా లేచి నిలబడలేదు. "ఆ నడక చూశారా," అన్నారు ఆయన. "అచ్చం ఐరావతమే." చుట్టూ ఉన్నవాళ్లంతా నడక చూశామన్నారు. అమలమ్మ ఇంటి దూడ ఒక్కటే మంచి తెల్లగా, మూపురం మొలకతో, నిజంగానే బాగుంది. కానీ అక్కడికి వచ్చేసరికి కెమెరాల చార్జింగు అయిపోయింది.

అంతా సవ్యంగా జరుగుతున్న సమయంలో ప్రతిపక్ష నాయకుడు ఆమోసు గారు విజయవాడ వన్ టౌన్లో తన స్టీలు సామాన్ల కొట్లో ప్రెస్ మీట్ పెట్టారు. బిందెల మధ్య కూర్చుని, "మూడు రంగుల దూడలకి ఒకే తండ్రా? దమ్ముంటే డీఎన్‌ఏ పరీక్ష చేయించండి," అన్నారు.

వేరే నాయకుడైతే కమిటీ వేసేవాడు. వెంకటసుబ్బారావు గారు అంతటి చిన్న మనిషి కాదు. గంట తిరక్కుండా టీవీలో కనిపించారు.

"చేయండి. ఐరావతానికి చేయండి, దూడలకి చేయండి. అక్కడితో ఆగకండి. నాకూ చేయండి, సాత్విక్‌కీ చేయండి, పెద్దాయనకీ చేయండి. ఆయన దువ్వుకున్న దువ్వెన మా స్మారక మందిరంలో అద్దాల పెట్టెలో వెంట్రుకలతో సహా ఉంది. వచ్చే ఆదివారం కృష్ణ ఒడ్డున వారసోత్సవం. ఆ వేదిక మీదే మా సాత్విక్ రాజకీయ ప్రవేశం, ఆ వేదిక మీదే పరీక్ష. రక్తమే మాట్లాడుతుంది."

కరిముల్లా టీవీ ముందు నుంచి లేచి చెప్పులు వేసుకున్నాడు. నఫీసా ఎక్కడికని అడగలేదు. "నిజం చెప్పేసి రండి," అంది.

ఎమ్మెల్యే గారి ఇంట్లో హాలు నిండా ఫొటోగ్రాఫర్ల లైట్లు, గొడుగులు. నోట్లో దూది పెట్టి పరీక్షకి శాంపిలు ఇచ్చే ఫొటో కోసం ఎమ్మెల్యే గారు కుడివైపు నుంచి, ఎడమవైపు నుంచి నోరు తెరుస్తున్నారు. మాణిక్యమ్మ గారి చాప వంటింటి వసారాలోకి మారింది. కరిముల్లా వెళ్లి ఆమె ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"ఎద్దు సంగతేనా డాక్టరూ?" అంది ఆమె చిక్కుడుకాయలు వలుస్తూ.

"మీకు తెలుసా అమ్మగారూ?"

"నేనేగా కొట్టించింది. వయసులో ఉన్నప్పుడు ఊళ్లో దొడ్ల దళ్లన్నీ పడగొట్టి వచ్చేది. మావాడికి తెలీదు. వాడెప్పుడూ దాని మొహమే చూశాడు." ఒక ఈనె తీసి పక్కన పడేసింది. "మరి ఆ దూడలెవరివి?"

"బయటి ఆంబోతుది తెప్పించానమ్మా. దానికి పేరు లేదు. నంబరే."

"మంచిదేనా?"

"ఆరోగ్యంగా ఉంటుందమ్మా. దూడలు కూడా చక్కగా ఉన్నాయి."

"అదీ కావాల్సింది. పేరు లేకపోవటమే మంచిదిలే, తర్వాత వచ్చి నాదని అడగదు." ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది. "ఆ పరీక్షలో నిజంగానే తేలిపోద్దా నాయనా?"

"తేలిపోతుందమ్మా. తప్పే ఉండదు. ఆదివారంతో నా బతుకు అయిపోయినట్టే. ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది. నా పిల్ల కాలేజీలో తలెత్తుకోలేదు."

"చచ్చిపోయినవాళ్లది కూడా తేలుద్దా?"

"వెంట్రుక కుదురు మిగిలి ఉంటే చాలమ్మా."

"దువ్వెనకి పట్టుకున్నదైనా?"

"దువ్వెనకి పట్టుకున్నదైనా."

ఆమె చేతిలో చిక్కుడుకాయ విరిగింది. రెండు ముక్కలూ పళ్లెంలో వేసి, చేతులు దులుపుకుంది.

"ఇంటికెళ్లి అన్నం తిను నాయనా. నేను చూసుకుంటాను."

ముసలావిడకి తన మీద ఎంత జాలో అనుకుని కరిముల్లా కళ్లు తుడుచుకుంటూ ఇల్లు చేరాడు.

ఆదివారం కృష్ణ ఒడ్డున ఇసకేస్తే రాలనంత జనం. వేదికకి ఒక పక్క పెద్దాయన కటౌటు, ఇంకో పక్క అంతే ఎత్తున ఐరావతం కటౌటు. దూడలన్నిటికీ కండువాలు కప్పారు. అవి కండువాలు నమిలేశాయి. ఆమోసు గారు కూడా తన పార్టీ వాళ్లతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ల్యాబు నుంచి వచ్చిన అమ్మాయి దూది పుల్లలు పెట్టుకుని సిద్ధంగా ఉంది. అద్దాల పెట్టెలో దువ్వెన పూలదండతో వేదిక మీదికి వచ్చింది. సాత్విక్ తన జీవితంలో మొదటి ప్రసంగం చేశాడు. "అందరికీ నమస్కారం. రక్తం. థాంక్యూ." జనం ఊగిపోయారు.

ల్యాబు అమ్మాయి పెట్టె మీద చెయ్యి వేయబోయింది. అప్పుడు మాణిక్యమ్మ గారు లేచింది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన నాటినించీ వేదికల మీద కూర్చోవడమే తప్ప ఆమె మైకు పట్టుకోలేదు.

"ఆగమ్మాయ్," అంది. "దూడ ఎవరిదో ఎవరు చెప్పాలి? ఆవు చెప్పాలి. బిడ్డ ఎవరిదో ఎవరు చెప్పాలి? కన్నతల్లి చెప్పాలి. లోకం పుట్టినకాడ నించీ తల్లి మాట మీదేగా నడుస్తోంది. ఇవ్వాళ తల్లి మాట చాలదా? దూది పుల్ల కావాలా? ఏం ఆమోసూ, మీ ఇంట్లో కూడా పుల్ల పెట్టే నమ్మారా?"

ఆడవాళ్ల వైపు నుంచి లేచిన చప్పట్లకి దూడలు బెదిరి తాళ్లు తెంపుకున్నాయి. ఆమోసు గారి పార్టీ మహిళా విభాగం కూడా చప్పట్లు కొట్టింది. ఆమోసు గారు అక్కడికక్కడే ఫోన్లో వీడియో తీసుకుని, నేను అన్నది పశువుల గురించి మాత్రమే, తల్లులంటే నాకు అపారమైన గౌరవం, నా మాటలు వెనక్కి తీసుకుంటున్నాను అని పెట్టారు. ఎమ్మెల్యే గారు అమ్మ కాళ్ల మీద పడి ఏడ్చారు. పరీక్ష తల్లులకి అవమానమని తీర్మానం చేసి దూది పుల్లల్ని వెనక్కి పంపించేశారు.

మాణిక్యమ్మ గారు అంతటితో ఆగలేదు. పెట్టె తెరిపించి, దువ్వెన చేతిలోకి తీసుకుని, మెట్లు దిగి, దండం పెట్టుకుని కృష్ణలోకి విసిరేసింది. ఈ త్యాగానికి దువ్వెన నిమజ్జనమని పేరుపెట్టి ఏటా జరపాలని చక్రి అప్పటికప్పుడు ప్రకటించాడు.

సాయంత్రానికి కరిముల్లాకి ఫోనొచ్చింది. ఇన్నాళ్లూ వాయిదా పడుతూ వచ్చిన బదిలీ రద్దు. పైగా వారసత్వ శాస్త్ర సలహాదారు అని కొత్త హోదా, భవానీపురంలోనే ఆఫీసు. నఫీసాకి చెబితే, "నిజం చెప్పారా?" అంది. "చెప్పాను, వినాల్సినావిడకి," అన్నాడు.

అంతకుముందు, సభ ముగిసి జనం పల్చబడ్డాక కరిముల్లా మాణిక్యమ్మ గారి కారు దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు.

"నన్ను కాపాడారమ్మా. మీ రుణం తీర్చుకోలేను."

"నిన్నా?" అంది ఆమె.

కారు తలుపు పట్టుకుని వేదిక వైపు తిరిగి చూసింది. కటౌట్లు రెండూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి, పెద్దాయనా, ఐరావతమూ. రెండూ ముందు నుంచి తీసిన ఫొటోలే.

"మా ఆయనా అంతే నాయనా," అంది. "బతికినన్నాళ్లూ ఏ పోటీలోనూ ఓడిపోలేదు."

అని కారెక్కి కూర్చుంది. ఎమ్మెల్యే గారు ఎర్రబడ్డ కళ్లతో గబగబా వచ్చారు.

"అమ్మ ఏమంటోంది డాక్టరు గారూ?"

"పెద్దాయన్ని తలుచుకుంటున్నారండీ."

"చూశారా," అన్నారు వెంకటసుబ్బారావు గారు ముక్కు తుడుచుకుంటూ. "రక్తం."